అత్తగారి బిళ్ళకి తెరుచుకున్న తలుపు

మంగళవారం సాయంత్రం ఐదున్నరకి అత్తగారు వాకింగ్ నుంచి తిరిగొచ్చి, తాళంచెవికి బదులుండే బిళ్ళ చూపించి తలుపు తీసుకుని, బూట్లు విప్పి, సోఫాలో కూర్చుని, బల్ల మీది డబ్బాలోంచి నాలుగు బిస్కెట్లు తిని, కాళ్ళు చాపుకుని కునుకు తీశారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, ఒక్కటి తప్ప. ఆ ఇల్లు ఆవిడది కాదు.

వాళ్ళ ఫ్లాటు మూడో అంతస్తులో. ఆవిడ నిద్రపోయింది సరిగ్గా దాని కిందున్న రెండో అంతస్తు ఫ్లాటులో. అక్కడ ఉండేది డ్రమ్స్ నేర్పే మాస్టారు, ఒంటరి మనిషి. ఆరున్నరకి ఇంటికొచ్చి, తన సోఫాలో గురకపెడుతున్న పెద్దావిడని చూసి, బయటికెళ్ళి తలుపు మీద నంబరు చూసుకుని, తన ఇల్లేనని నమ్మకం కుదిరాక మళ్ళీ లోపలికొచ్చి, "అమ్మా, టీ పెట్టమంటారా?" అని అడిగాడట. మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంకొకడైతే కేకలుపెట్టి బిల్డింగంతా పోగేసేవాడు.

ఆ పోగేసే పని ఆడపడుచు చేసింది. రెండు వీధుల అవతల ఉంటుంది, కబురందిన పావుగంటలో దిగింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది కాబట్టి తనూ సగం డాక్టరే అని ఆవిడ నమ్మకం.

"అన్నయ్యా, నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటూనే ఉన్నాను. అమ్మకి మతిమరుపు మొదలైంది. సొంతిల్లేదో తెలీట్లేదంటే ఇంకేం మిగిలింది? రేపు రోడ్డు మీద తప్పిపోతే ఎవరిది పూచీ?"

అన్నయ్య నీళ్ళు నమిలాడు. ఆ ఇంట్లో ఆయన ఉద్యోగం అదే.

ఐదు నిమిషాల్లో అన్నీ తేలిపోయాయి. అమ్మ ఒంటరిగా గడప దాటకూడదు. శుక్రవారం పొద్దున్న పదింటికి డాక్టరు. ఆయన గనక రాసిస్తే, చూసుకునే మనుషులుండే హోమ్ ఒకటుంది, చుట్టూ తోట, వేళకి భోజనం, గేటుకి మాత్రం ఎప్పుడూ తాళం. ముందుగా ఆ బిళ్ళ ఇచ్చేయాలి.

అత్తగారు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. నిండు బస్సులో వెనకాల నిలబడి ఒక్క అరుపు అరిస్తే ముందు తలుపు దగ్గర మనిషి జరిగేవాడు. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం గంటసేపు తిరిగిరాకపోతే ఆవిడకి అన్నం సహించదు. అలాంటి మనిషి ఒక్క మాట మాట్లాడకుండా చేతిసంచీ తెరిచి, నల్లబిళ్ళ తీసి బల్ల మీద పెట్టారు. పెట్టేముందు కోడలి వైపు ఒకసారి చూశారు, అంతే.

అరిచుంటే బాగుండేదని కోడలికి అనిపించింది. ఆ నిశ్శబ్దం చూసి ఆమెకి నిజంగానే భయం వేసింది.

ఈ కోడలి గురించి కాస్త చెప్పుకోవాలి. ఈమెది పద్ధతి, పిచ్చి పద్ధతి. వంటింట్లో కప్పుల చెవులన్నీ ఒకే వైపుకి చూస్తుంటాయి. తువ్వాళ్ళు పెద్దవి కింద, చిన్నవి పైన, మడత అంచు బయటికి. సోఫాలో ఎవరైనా కూర్చుని లేస్తే వాళ్ళు చెప్పులేసుకునేలోగా దిండు సర్దేస్తుంది. ఆఫీసులో ఆమెని వెనకాల అందరూ చాదస్తం మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు, పైగా అది మెచ్చుకోలనే అనుకుంటుంది. ఇంకో సంగతి, ఆ తలుపులకి బిగించిన తాళాలు ఆమె కంపెనీవే. లోపలుండే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఆమె చేతిమీదుగా తయారైంది. "మా తాళం మీ బిళ్ళకి తప్ప దేనికీ తెరుచుకోదు" అని ఆమె ఊదరగొట్టబట్టే బిల్డింగులో ఇరవైనాలుగు ఫ్లాట్లవాళ్ళూ అవే వేయించుకున్నారు. ఆడపడుచుకి గృహప్రవేశానికి బహుమతిగా ఇచ్చింది కూడా అదే.

అందరూ అడుగుతున్నది ఒకటే, ఆవిడ రెండో అంతస్తుకి ఎందుకెళ్ళారని. కోడలి బుర్రలో మాత్రం వేరే ప్రశ్న తిరుగుతోంది. వెళితే వెళ్ళారు, తలుపెందుకు తెరుచుకుంది?

బల్ల మీది బిళ్ళ తీసుకుని కిందికి దిగింది.

"మాస్టారూ, మీరు లోపలే ఉండి తలుపు వేసుకోండి. నేను చెప్పేదాకా తీయకండి."

"మళ్ళీ ఎవరైనా పడుకోవడానికొస్తున్నారా?" అంటూనే అతను తలుపు వేసుకున్నాడు. ఆమె అత్తగారి బిళ్ళని తాళానికి ఆనించింది. పచ్చదీపం వెలిగింది, గడియ టక్కుమంది, తలుపు తెరుచుకుంది. లోపల మాస్టారు నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు.

పైకొచ్చి చెబితే ఆడపడుచు నవ్వేసింది.

"అమ్మని వెనకేసుకొస్తున్నావు, సంతోషం వదినా. కానీ మరీ తాళం మీదకి నెట్టకు. ఇంతకంటే గట్టి తాళం భూమ్మీద లేదని చెప్పింది నువ్వే కదా? ఆ మాస్టారే తలుపు సరిగ్గా వేసుండడు."

తన గొప్పలు తనకే అడ్డం తిరిగాయి. శుక్రవారం పదింటిలోపు ఏదో ఒకటి తేల్చాలి, లేకపోతే అత్తగారి సాయంత్రాలకి తాళం పడుతుంది.

బుధవారం పొద్దున్నే ఆమె ఆఫీసులో అరలోంచి పది కొత్త తాళాలు దించి, అట్టపెట్టెలు విప్పి, ఒక్కొక్కదానికి కరెంటు ఇచ్చింది. మొదటిసారి కరెంటు తగలగానే ప్రతి తాళమూ తనకంటూ ఒక రహస్యపు అంకె తయారుచేసుకుని, దాన్ని తన బిళ్ళలకి నేర్పుతుంది. ఆ అంకెల్ని బయటికి తీసి కాగితం మీద వరసగా రాసింది. నాలుగింటికి ఒకే అంకె. మూడింటికి ఇంకోటి. మిగతా మూడింటికి మరోటి. పది తాళాలకి కలిపి ఉన్నవి మూడే రహస్యాలు.

ఎందుకిలా జరుగుతుందో అర్థం కావాలంటే ఒకటి తెలియాలి. కంప్యూటరంత చెప్పినమాట వినేది ఇంకోటి లేదు. నిన్న చేసిందే ఇవాళా చేస్తుంది, రేపూ అదే చేస్తుంది. "ఎవరూ ఊహించలేని అంకె ఒకటి చెప్పరా బాబూ" అంటే మాత్రం దానికి చేతకాదు. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ బయట అడుక్కుంటుంది. మనిషి మీటకీ మీటకీ మధ్య ఎంత ఎడం ఇచ్చాడు, డిస్కు ఎంతసేపు తిరిగింది, నెట్‌వర్క్‌లో కబురు ఏ క్షణాన వచ్చింది, ఇలాంటి క్షణాల చివర వేలాడే మైక్రోసెకన్ల తుంపులన్నీ ఏరుకొచ్చి ఒక కుండలో పోసి గిలక్కొడుతుంది. అంకె కావాలన్నప్పుడు అందులోంచి తీస్తుంది. ఇంట్లో వాడే కంప్యూటరుకి ఈ సరుకు బోలెడంత దొరుకుతుంది. పెట్టెలోంచి అప్పుడే తీసిన తాళానికి ఏం దొరుకుతుంది? మీటలు నొక్కేవాడు లేడు, డిస్కు లేదు, నెట్‌వర్క్ లేదు. ఆఖరికి గడియారానికి బ్యాటరీ కూడా లేదు, దండగని తీసేశారు. ప్రతి తాళమూ ఒకే తేదీన, ఒకే క్షణాన పుట్టాననుకుంటూ లేస్తుంది.

దానికీ ఒక ఉపాయం ఉంది. ఆపేముందు సిస్టమ్ ఆ కుండలోంచి గుప్పెడు తీసి ఒక ఫైల్లో దాచిపెడుతుంది, మళ్ళీ లేచినప్పుడు దాంతో మొదలుపెట్టొచ్చని. పాలు తోడుపెట్టడానికి నిన్నటి పెరుగు కాస్త అట్టేపెట్టుకున్నట్టు. ఎవరి గిన్నెలోది వాళ్ళదైతే ఏ గొడవా లేదు.

ఆమె సిస్టమ్ మూలప్రతి తెరిచి చూసింది. తాళాలన్నిట్లోకీ నకళ్ళు తీసేది దీంట్లోంచే. అందులో, ఉండకూడని చోట, చిన్న ఫైలు ఒకటి బుద్ధిగా కూర్చునుంది. ఐదువందల పన్నెండు బైట్లు. పక్కన తేదీ, వేళ. ఆ తేదీ చూడగానే ఆమెకి ఆ మధ్యాహ్నమంతా గుర్తొచ్చింది.

నకలు తీసేముందు మూలప్రతిని, గడియారమున్న పరీక్షపెట్టెలో ఒకసారి నడిపించి చూడాలని నియమం రాసింది ఆమే. ఆ రోజు నడిపించింది ఆమే. ఆఫీసులో మిగతావాళ్ళెవరైనా అయితే చూడటం అవగానే వైరు పట్టుకుని ఫట్‌మని లాగేసేవాళ్ళు. అలా లాగుంటే ఫైలు పుట్టేదే కాదు. కుండ ఖాళీ అని ప్రతి తాళానికీ తెలిసేది, నిండేదాకా ఆగేది. కానీ వైరు లాగడం మోటుపని కదా! చాదస్తం మేడమ్ దాన్ని మర్యాదగా, పద్ధతిగా, అంచెలంచెలుగా ఆపింది. అది కూడా పద్ధతిగా తన గుప్పెడు దాచుకుని పడుకుంది. ఆ గుప్పెడుతో సహా కొన్ని వేల నకళ్ళు తీశారు. ప్రతి తాళమూ లేచి, సరుకు ఉందిలే అనుకుని, అదే తోడుతో అదే పెరుగు చేసింది. లేవడంలో రెప్పపాటు తేడాలొచ్చి ఒకటి కాస్తా మూడయ్యాయి, అదొక్కటే దయ. చెక్‌లిస్టు అడుగున సంతకం గుండ్రంగా, గీత మీద నిలబెట్టినట్టు ఉంది. ఆమెదే.

ఆమె లేచి మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన్ని అందరూ ఫర్వాలేదు గారంటారు. ఏం చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట అది. ఆ గది తలుపుకి కూడా కంపెనీ తాళమే, వచ్చినవాళ్ళకి చూపించుకోవడానికి. తట్టింది.

"బిజీ! తాళం వేసుకున్నాను, తర్వాత రండి!" అని లోపల్నుంచి వినిపించింది.

ఆమె అత్తగారి బిళ్ళ ఆనించింది. పచ్చదీపం వెలిగింది. ఫర్వాలేదు గారు కుర్చీలో వెనక్కి వాలి, బూట్లు విప్పి, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని అరటిపండు తింటున్నారు.

"ఇది మా అత్తగారి ఇంటి బిళ్ళండి" అందామె.

అంతా విన్నాక ఆయన కాళ్ళు దించారు. కాసేపు మొహం పాలిపోయింది. తర్వాత రంగు తిరిగొచ్చింది.

"ఫర్వాలేదు. వచ్చే వెర్షన్లో సరిచేసేద్దాం. ఎవరికీ చెప్పక్కర్లేదు. సోమవారం అమ్మాయిల హాస్టలుకి రెండొందల తాళాలు వెళ్తున్నాయి, ఇప్పుడు నోరెత్తితే ఆ ఆర్డరు గోవిందా."

"మరి మా అత్తగారు?"

"పెద్దవాళ్ళు కదమ్మా. మర్చిపోతుంటారు. అది మామూలే. ఎవరూ ఏమీ అనుకోరు." గొంతు తగ్గించారు. "సంతకం నీదే కదా. ఒకసారి ఆలోచించుకో."

ఆలోచించుకుంది. మరీ దేవతనుకునేరు, నిజంగానే ఆలోచించుకుంది. పదకొండేళ్ళ ఉద్యోగం. పద్ధతి అంటే చాదస్తం మేడమ్, చాదస్తం మేడమ్ అంటే పద్ధతి అని పేరు. ఇప్పుడు నోరు విప్పితే రేపట్నుంచి ఆ చెక్‌లిస్టు చూసి ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నోరు మూసుకుంటే పోయేదేమిటి, ఒక ముసలావిడ వాకింగు. దారి పొడుగునా ఆ లెక్కే వేసుకుంటూ ఇంటికొచ్చింది.

ఇంట్లో అత్తగారు బాల్కనీలో నిలబడున్నారు. సరిగ్గా ఐదున్నర. వాకింగ్ బూట్లు వేసుకుని, లేసులు గట్టిగా ముడివేసుకుని, కింద వీధిలోకి చూస్తున్నారు.

"ఎక్కడికైనా బయల్దేరారా అత్తయ్యా?"

"ఎక్కడికీ లేదమ్మాయ్. ఊరికే వేసుకున్నాను. కాళ్ళకి అలవాటు."

కోడలికి తన మీద తనకే అసహ్యం వేసింది, ఫర్వాలేదు గారి మీద అంతకు రెట్టింపు. ఆ రాత్రి భోజనం దగ్గర మొగుడితో, "రేపు సాయంత్రం మీ చెల్లెల్ని రమ్మనండి. కొన్ని తలుపులు తీయాలి" అంది.

గురువారం సాయంత్రం ఆమె బిళ్ళని అత్తగారి చేతిలో పెట్టి ప్రతి అంతస్తుకీ తీసుకెళ్ళింది. ముందే అందరికీ చెప్పి ఉంచింది, లోపల తలుపులు వేసుకునే కూర్చున్నారు. అత్తగారు బిళ్ళ ఆనించడం, తలుపు తెరుచుకోవడం, లోపలివాళ్ళు ముక్కున వేలేసుకోవడం. ఇరవైనాలుగు తలుపుల్లో ఎనిమిది తెరుచుకున్నాయి. ఆరో తలుపు దగ్గరికొచ్చేసరికి అత్తగారికి హుషారొచ్చింది. "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి" అని పాత గొంతు లేచింది.

"బిల్డింగు తాళాలు పాడైతే అమ్మకి బాగున్నట్టా?" అంది ఆడపడుచు. "మా ఇంట్లో ఇలాంటివేం జరగలేదు."

"పద చూద్దాం" అంది కోడలు.

రెండు వీధులు నడిచి వెళ్ళారు. ఆడపడుచు గుమ్మం ముందు అత్తగారు కూతురి మొహంలోకి ఒకసారి చూసి, బిళ్ళ ఆనించారు. టక్. లోపల అల్లుడుగారు తువ్వాలు కట్టుకుని, అద్దం ముందు నిలబడి జుట్టుకి రంగేసుకుంటున్నారు. ఆ రంగు సంగతి అప్పటిదాకా అత్తవారి తరఫున ఎవరికీ తెలీదు.

ఆడపడుచు గబగబా తలుపు దగ్గరికి లాగేసింది. అప్పుడు కోడలే మాట్లాడింది.

"అత్తయ్య పొరపాటున రెండో అంతస్తులో లిఫ్టు దిగారు. నిజమే. మనం దిగట్లేదా? పోయిన నెల మీ అన్నయ్య పక్కవాళ్ళ కారు తలుపు పట్టుకుని ఐదు నిమిషాలు లాగారు. అది తెరుచుకోలేదు కాబట్టి నాలిక్కరుచుకుని వచ్చేశారు. తెరుచుకుని ఉంటే ఆయన్నీ హోమ్‌లో వేసేవాళ్ళమా? తలుపుండేదే 'ఇది నీది కాదు, వెళ్ళు' అని చెప్పడానికి. ఆ మాట చెప్పని తలుపు చేసింది నేను. తప్పు అత్తయ్యది కాదు, నాది."

డాక్టరు అపాయింట్‌మెంటు అక్కడే, ఆ గుమ్మంలోనే రద్దయింది. రద్దు చేసింది ఆడపడుచే. ఫోన్లో ఆవిడ గొంతు చిన్నగా ఉంది.

శుక్రవారం పొద్దున్న కోడలు ఫర్వాలేదు గారి పైవాళ్ళకీ, తాళాలు కొన్నవాళ్ళందరికీ ఉత్తరం పంపింది. ఏం జరిగింది, ఎవరివల్ల జరిగింది, ఎలా సరిచేస్తాం. "ఎవరివల్ల" దగ్గర తన పేరు రాసి, అలవాటుకొద్దీ కింద గీత గీసింది. హాస్టలు సరుకు ఆగింది. ఆమెకి మెమో ఇచ్చారు. ఉద్యోగం మాత్రం ఊడలేదు, దీన్ని బాగుచేయడం ఇంకెవరికీ రాదు కనక. ఫర్వాలేదు గారు మూడు రోజులు ఆ మాట అనకుండా తిరిగారని ఆఫీసులో చెప్పుకున్నారు.

బాగుచేసే పని ఆదివారం సొంత బిల్డింగుతోనే మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, తాళంలోంచి ఆ పాడు ఫైలు తీసేసి కొత్త సిస్టమ్ ఎక్కించింది. ఇప్పుడు తాళం తొందరపడదు. ఇంటివాళ్ళు తాళం మీదున్న నంబరు మీటల్ని ఒక నిమిషం పాటు ఇష్టమొచ్చినట్టు నొక్కాలి. ఆ నొక్కుళ్ళ మధ్య ఎడాలు కుండలోకి చేరాకే రహస్యం పుడుతుంది.

డ్రమ్స్ మాస్టారికి పౌరుషం వచ్చింది. "ఇష్టమొచ్చినట్టా? నేను నొక్కితే ఎడం వెంట్రుకంత మారదు. పాతికేళ్ళ తాళజ్ఞానం. చూడండి." టక్ టక్ టక్ టక్ అని నిమిషం కొట్టాడు. విన్నవాళ్ళెవరికీ తేడా తెలీలేదు. కోడలు లెక్కలు తెరమీద చూపించింది. మైక్రోసెకన్ల దాకా వెళితే ఏ రెండు ఎడాలూ ఒకటి కావు. మాస్టారు ఆ అంకెల వంక చాలాసేపు చూసి, టీ కూడా ఇవ్వకుండా లోపలికెళ్ళిపోయాడు.

తమ గుమ్మం దగ్గర కోడలు తనే నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, వరసగా, సమంగా. సగంలో అత్తగారు వచ్చి, "జరుగు, నాకూ కావాలి" అని మోచేత్తో, వేళ్ళతో, మాట్లాడుతూ, మధ్యలో మర్చిపోయి మళ్ళీ గుర్తొచ్చి, మిగతా అర నిమిషం కానిచ్చారు. లెక్కలు చూస్తే ఎవరి నొక్కుడు ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో ఆ చివరి అంకెల్లో పోల్చుకోవడానికి లేదు. ఇన్నేళ్ళ తన పద్ధతి మైక్రోసెకన్ల దగ్గరికొచ్చేసరికి బియ్యం ఒలికిపోయినట్టుందని కోడలు మొదటిసారి చూసింది. పచ్చదీపం వెలిగింది.

కొత్త బిళ్ళ అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అమ్మాయ్, ఒకటి చెప్తాను, కోప్పడకు. ఆ రోజు లిఫ్టు రెండులో ఆగితే పరధ్యానంగా దిగిపోయాను, అది నిజమే. కానీ లోపల కాలు పెట్టగానే తెలిసిపోయింది, మనిల్లు కాదని."

"తెలిసే కూర్చున్నారా?"

"కుర్చీ మీద తువ్వాలు పడేసి ఉంది. నేలమీద పుస్తకాలు. బిస్కెట్ల డబ్బాకి మూతే లేదు. అలాంటి ఇంట్లో కూర్చుని ఎన్నేళ్ళయిందో! ఎక్కడ ఒరిగితే ఏం చెదురుతుందోనని భయం లేకుండా. ఐదు నిమిషాలు కూర్చుని లేచిపోదామనుకున్నాను. నిద్ర పట్టేసింది."

"ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది కదా అత్తయ్యా! మిమ్మల్ని హోమ్‌కి పంపేస్తున్నారు!"

"అందరి ముందూ ఎలా చెప్పను? నా కోడలి ఇంట్లో నాకు ఊపిరాడట్లేదంటే నువ్వు తలెక్కడ పెట్టుకుంటావు? మతిమరుపంటే ఎవరికీ నొప్పి ఉండదు కదా." ఆవిడ బిళ్ళ సంచీలో వేసుకున్నారు. "సరే, వెళ్ళొస్తా. వేళయింది."

కోడలు అక్కడే నిలబడిపోయింది. అత్తగారి కోసం ఉద్యోగం పణంగా పెట్టానని మూడు రోజులుగా లోలోపల మురిసిపోతోంది. ఆవిడ అంతకు ముందే, మంగళవారమే, ఒక్క మాట లేకుండా తన కోసం బిళ్ళ తీసి బల్ల మీద పెట్టేశారు.

లోపలికొచ్చేసరికి కుర్చీ మీద అత్తగారి తువ్వాలు ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళి, అంచులు కలిపి, సగం మడత పెట్టేసింది. అప్పుడు ఆగింది. మడత విప్పి మళ్ళీ కుర్చీ మీద పడేసింది. అది తిన్నగా, నాలుగు మూలలూ సరిపోయేట్టు పడింది. తీసి ఇంకోసారి పడేసింది. అప్పుడూ అంతే. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని, వెనక్కి తిరిగి, భుజం మీదుగా విసిరింది.

అత్తగారు తిరిగొచ్చేసరికి తువ్వాలు నేలమీద ఉంది. దాని పక్కన కోడలు, సర్దని సోఫాలో, మూత లేని బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.